గోడలో పూడ్చిన జాయింటు

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం.

అన్నయ్యకి,

తమ్ముడు సత్తిబాబు నమస్కారాలతో రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి బెంగపెట్టుకోవద్దు. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదినగారి దగ్గు తగ్గిందా? చెల్లెలు చిట్టి వేళకి తింటోందా? పాప పాలు బాగా తాగుతోందా? పురుడు పోసుకుని ఇంటికొచ్చిన చెల్లెల్ని, ఆ పసిదాన్ని ఇంకా కళ్ళారా చూడలేదన్న దిగులొక్కటే గానీ, తతిమ్మా విషయాల్లో నాకిక్కడ ఏ లోటూ లేదు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు ఆశ్చర్యపోతావు. నేను కాగితం మీద కలం పెట్టి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. రాత కోడి కెలికినట్టుంది, ఓపిగ్గా చదువుకో. ఫోను చేస్తే మనింట్లో ఏం జరుగుతుందో నీకు తెలుసు. రింగు వినగానే అమ్మ స్పీకరు పెట్టమంటుంది. వదినగారు వంటింట్లోంచి గరిటతో సహా వచ్చేస్తారు. ఇప్పుడు చిట్టి వాళ్ళ అత్తగారు కూడా అక్కడే ఉన్నారు. పోనీ మెసేజ్ పెడదామంటే నీ ఫోను ఎప్పుడూ చిట్టి చేతిలోనే ఉంటుంది, అది పైకి చదివి అందరికీ వినిపిస్తుంది. నేను నీ ఒక్కడికే చెప్పుకోవలసిన మాట ఒకటుంది. రాజోలు వైపు ఆవిడ, నాగమణి గారని, ఆదివారం విమానానికి ఇంటికి వస్తున్నారు. ఈ ఉత్తరం ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను. ఆవిడ కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంటుంది. అదేమిటని అడిగి ఆవిణ్ణి బాధపెట్టకు, నేనే రాస్తాను.

ముందు చెయ్యాల్సిన పని రాసేస్తాను. ఈ ఉత్తరం అందగానే మన స్నానాలగదిలో షవరు హీటరు వాడకం ఆపించు. మెయిన్ బోర్డులో దాని స్విచ్చి దించేసి, ఎవరూ వెయ్యకుండా పైన టేపు అంటించు. చిట్టికి నీళ్ళు కాగులోనే కాచమని వదినగారితో చెప్పు. కొబ్బరి డొక్కలకి మనకేమీ కరువు లేదు. ఇంత చేశాక కింద రాసింది నిదానంగా చదువుకో.

మొన్నటి దాకా నాకిక్కడ గోడలు తొలిచి పైపులు వేసే పనే ఇచ్చేవారని నీకు తెలుసు. ఆరు నెలల క్రితం హంసా భాయ్ అనే కేరళ ఫోర్‌మన్ కింద వేశారు. మనిషి సన్నగా, నవ్వకుండా, గొంతు పెంచకుండా ఉంటాడు. మొదటిరోజే ఓ విల్లాలో షవరుకి లావు కేబులు జాయింటు వెయ్యమన్నాడు. ఎనిమిదేళ్ళు కోనసీమంతా వైరింగు చేసినవాణ్ణి, నాకు ఇదో పనా అనుకున్నాను. ఏడు రాగి పోగులూ విప్పి, అవతలి పోగుల్లోకి వేళ్ళు జొనిపినట్టు జొనిపి, కటింగ్ ప్లయరుతో కుడివైపు బిగించి మెలితిప్పి, కొస వెనక్కి మడిచి, టేపు మూడు చుట్లు చుట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. హంసా భాయ్ దాన్ని రెండువైపులా కోసి నా చేతిలో పెట్టాడు.

"ఇలా ఎవరు నేర్పారు?" అన్నాడు హిందీలో.

"మా ఊళ్ళో అందరూ ఇలాగే వేస్తారు" అన్నాను.

"బల్బుకైతే ఇలా వేసినా బతికిపోతారు. నీళ్ళు కాచే మిషనుకి కాదు" అన్నాడు.

ఆయన చెప్పింది నీకు అర్థమయ్యేలా రాస్తాను. ఫ్యానూ, లైటూ కొంచెం కరెంటే తీసుకుంటాయి. షవరు హీటరు అలా కాదు, పారే నీళ్ళని అక్కడికక్కడ కాచాలి కాబట్టి వాడినంతసేపూ లాగుతూనే ఉంటుంది. చేత్తో మెలితిప్పిన జాయింటు పైకి ఎంత గట్టిగా కనిపించినా లోపల పోగుకీ పోగుకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందు దగ్గర వేడెక్కుతుంది. స్విచ్చి ఆపితే చల్లారుతుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ వేడెక్కుతుంది. అలా రోజూ వేడెక్కీ చల్లారీ మెలిక కొంచెం కొంచెంగా వదులవుతుంది. వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఫ్యూజు కూడా పోదు, ఎందుకంటే కరెంటు ఎక్కువైంది లేదు కదా, ఆ ఒక్క చోటే కాలుతోంది. ఇక్కడైతే రాగి గొట్టంలోకి రెండు కొసలూ దూర్చి, మిషనుతో నొక్కి, ఒంటి బరువంతా వేసి లాగి చూస్తారు. దాన్ని కూడా ఎప్పుడైనా తెరిచి చూసుకునేలా డబ్బాలో పెడతారు గానీ గోడలో పెట్టి సిమెంటు పూయరు.

ఇది విన్నరోజే నాకు మనిల్లు గుర్తుకు రావాలి. రాలేదన్నయ్యా, ఒట్టు. కొత్త విద్య పట్టుబడిందన్న సంబరంలో పడిపోయాను.

గుర్తొచ్చింది మూడువారాల క్రితం. ఓ పెద్దింట్లో స్నానాలగది కాలిందంటే హంసా భాయ్ నన్ను తీసుకెళ్ళాడు. పైకప్పు ఊడి కిందపడి ఉంది, గోడలు మసి. ఆ ఇంట్లో పనికున్న ఆవిడ వంటగది గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. నేను "అమ్మా" అంటే "అయ్యో తెలుగోరా బాబూ" అంది. ఆవిడే నాగమణి గారు. ఆ ఇంటి పెద్దావిడకి నీళ్ళు పోస్తూండగా పైనుంచి కరిగిన ప్లాస్టిక్కు నిప్పుతో సహా ఆవిడ చేతి మీద పడింది. పెద్దావిణ్ణి బయటికి లాక్కొచ్చాకే తన చెయ్యి చూసుకుందిట.

"ముందేమీ తెలియలేదా అండీ?" అని అడిగాను.

"ఆయ్, తెలిసిందండి. మూడు వారాల్నుంచి ఎండుచేపలు కాలుస్తున్న వాసన వస్తానే ఉందండి. చుట్టుపక్కల ఎవరో మనూరోళ్ళు దిగేరనుకున్నానండి. ఆ వాసన కోసమని పని లేపోయినా ఆ గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడేదాన్నండి" అంది.

కాలిన కేబులు పైతొడుగు అలాగే వాసనొస్తుందని ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. హంసా భాయ్ పైనుంచి ఆ జాయింటు కోసి తెచ్చి చూపించాడు. ఎవరు వేశారో తెలియదు. కుడివైపు మెలిక, వెనక్కి మడిచిన కొస, మూడు చుట్ల టేపు బొగ్గై అంటుకుని ఉంది. అచ్చం నా చేతిపనిలాగే ఉంది. ఆ క్షణంలో మన స్నానాలగది గోడ కళ్ళముందుకొచ్చింది.

పోయినేడు సెలవుకొచ్చినప్పుడు నేను తెచ్చిన షవరు హీటరుకి ఎంత హడావిడి చేశామో నీకు గుర్తుండే ఉంటుంది. మెయిన్ బోర్డు వాయువ్యంలో ఉండగా అక్కణ్ణుంచి కొలిచి కేబులు కొనుక్కొచ్చాను. అంతా లాగేశాక సిద్ధాంతిగారు వచ్చి, కరెంటు అగ్నితో సమానం, బోర్డు ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. అమ్మ పట్టుబట్టింది. బోర్డు ఆ మూలకి మార్చాం. కేబులు నాలుగడుగులు చాలలేదు. మర్నాడే నా ప్రయాణం. అమలాపురం వెళ్ళి మళ్ళీ పూర్తి కేబులు తెచ్చి మొదట్నుంచీ లాగే ఓపిక లేక, ఉన్నదానికి ముక్క అతికించి, తాపీ ఆయన రాకముందే గోడలో పెట్టి, నా చేత్తోనే సిమెంటు పూశాను. నువ్వు పక్కనే ఉన్నావు. "గట్టిగానే ఉంటుందా?" అని అడిగావు. "నీ మనవల దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తోంది.

ఆ గోడకి ఇవతలిది చిట్టి పడుకునే గది.

ఇది తెలిశాక కూడా నేనేం చేశానో రాస్తాను, తిట్టుకో. ఆ ఆదివారమే ఫోను చేసి "హీటరు కొన్నాళ్ళు వాడకండి, వోల్టేజీ బాగుండదు" అన్నాను. నువ్వు నవ్వి "నువ్వేసిందే కదరా, ఇంకెవరేసినా భయపడాలి గానీ" అన్నావు. చిట్టి వాళ్ళ అత్తగారు "మీ అబ్బాయిగారి పనితనం మా వాళ్ళందరికీ చెప్పేనండి, తిప్పగానే సలసలా వచ్చేస్తన్నాయి, బాలింతకి ఇంతకన్నా ఏం కావాలండి" అని అమ్మతో అంటున్నారు. అమ్మ నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకో అమ్మ అలా నవ్వింది. నేను "ఊరికే అన్నాన్లే" అని మాట మార్చి, పనసపొట్టు కూర ఎలా వండాలో అడిగాను. అలా రెండు ఆదివారాలు గడిచిపోయాయి. బాలింత స్నానమంటే మామూలు స్నానమా? రోజుకి రెండు పూటలు, అమ్మ పోస్తే అరగంట తక్కువుండదు, పైన పసిదాని నీళ్ళు. ఏడాది మొత్తం మీద వాడనంత ఈ మూడువారాల్లో వాడి ఉంటారు.

నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. నువ్వు ఎవరికీ తెలియకుండా ఎలక్ట్రీషియన్ని పిలిపించి, బోర్డు నుంచి షవరు దాకా ఒకటే కేబులు, మధ్యలో అతుకు లేకుండా, కొత్తది లాగించు. అమ్మతో మాత్రం నేను తప్పు వేశానని చెప్పకు. కేబులు కంపెనీదే బాగోలేదని చెప్పు.

నేను బాగానే ఉన్నాను. ఎండలు మండిపోతున్నాయి గానీ పని నీడపట్టునే. రూములో ఉన్న బెంగాలీ కుర్రాళ్ళిద్దరూ మంచివాళ్ళు, మన చేపల పులుసు వాళ్ళకీ ఇష్టమే. ఇవాళ శుక్రవారం కాబట్టి వాళ్ళు బజారుకెళ్ళారు, రూములో నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇంతవరకూ రాసి అన్నానికి లేచాను. తింటూ పైన రాసింది ఒకసారి చదువుకున్నాను. ఈ కాగితం ఆదివారం బయల్దేరి, రాజోలు చేరి, నాగమణి గారు వీలు చూసుకుని ఉప్పలగుప్తం వచ్చేసరికి బుధవారమో గురువారమో అవుతుంది. రోజుకి రెండు పూటల చొప్పున ఎన్ని స్నానాలు? చెల్లెలి ప్రాణం ఒక పక్కనా, నా పేరు ఒక పక్కనా పెట్టి మూడువారాలు నా పేరే చూసుకున్నానని నా రాతలోనే నాకు కనిపించింది. కంచంలో చెయ్యి కడిగేసి నీకు ఫోను చేశాను.

ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు. అయినా రాస్తున్నాను. నువ్వు అటునుంచి చూశావు, ఇటునుంచి నేనేం విన్నానో నీకు తెలియదు.

"ఏరా సత్తీ, ఇయ్యాల ఆదివారం కాదుగా" అన్నావు. వెనక స్పీకరు గుయ్యిమంది. చిట్టి ఏదని అడిగాను.

"ఇప్పుడే నీళ్ళు పోసుకోడానికెళ్ళిందిరా, హీటరేసేను. పాప పడుకుంది" అంది అమ్మ.

"అన్నయ్యా, మెయిన్ దించెయ్. ఏమిటని అడక్కు, ముందు దించెయ్" అని అరిచాను. నా అరుపుకి నాకే భయమేసింది. నీ చెప్పుల చప్పుడు విన్నాను. ఫ్యాను ఆగిపోయిన చప్పుడు విన్నాను. లోపల్నుంచి చిట్టి "అమ్మా, నీళ్ళు చల్లబడిపోయేయే" అని కేకేసింది. ఉక్కకి పాప లేచి ఏడుపందుకుంది. ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా వినడం అదే మొదలు.

అప్పుడు అందరి ముందూ చెప్పేశాను. అతుకు నాదే అన్నాను. బద్ధకించి వేశానన్నాను. మూడువారాలుగా తెలిసీ చెప్పలేదన్నాను. ముందు అమ్మే అంది.

"అందుకేంట్రా ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటంది? ఈ ముసురుకి నడుంకి కాపడంలా ఉంటదని చిట్టి మంచం ఆ గోడకే ఆనించి వేయించేను. పిల్లని గోడవైపే పడుకోబెడతన్నాం."

మంచం లాగిన చప్పుడు వినపడింది. నువ్వు గోడ మీద చెయ్యి పెట్టి ఉంటావు. "ఒరేయ్" అని ఒక్క మాటన్నావు, అంతే. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోలేను. తర్వాత ఉలి, సుత్తి. నేలనుంచి ఎంత ఎత్తులో కొట్టాలో నేనిక్కణ్ణుంచి చెబుతుంటే నువ్వు కొట్టావు. సిమెంటు పెచ్చు ఊడిన చప్పుడూ, వదినగారు "అమ్మో" అనడమూ ఒకేసారి వినిపించాయి. నువ్వు పంపిన ఫోటో చూశాను. టేపు లేదు. ఇటుక నల్లబడింది. మన ఉప్పుగాలికి రాగి పచ్చబడి, పోగులు రెండు తెగి, మిగిలినవి అప్పటిదాకా మంచం మీది దుప్పటి ఆనుకుని ఉన్న చోటికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. ఇంకెన్ని స్నానాలకి నిప్పు పుట్టేదో చెప్పలేను, ఎక్కువ మాత్రం పట్టేది కాదు.

నువ్వు తిడతావనుకున్నాను. చిట్టి వాళ్ళ అత్తగారు అసహ్యించుకుంటారనుకున్నాను. ఆవిడ "చెప్పేవు గాబట్టి బతికేం బాబూ" అన్నారు. నువ్వు స్పీకరు ఆపి, ఫోను చెవిదగ్గర పెట్టుకుని అడిగావు.

"సత్తీ, ఇలాంటివి ఇంకెన్ని చోట్ల వేసేవురా?"

నాకా సంగతి అప్పటిదాకా తట్టలేదు. ఇంటి భయంలో ఇల్లు దాటి ఆలోచించలేదు. ఎనిమిదేళ్ళన్నయ్యా. గీజర్లకీ, షవర్లకీ ఎన్ని లాగాను! గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తొందర చేసినచోట్లా, కేబులు ముక్కలు పారెయ్యడమెందుకు అతికించెయ్ అని ఇంటివాళ్ళు అన్నచోట్లా ఇలాగే మెలితిప్పి గోడలో పూడ్చాను. అందరూ భేషన్నారు. భేషన్నారనే అందరి దగ్గరా అలాగే వేశాను.

ఫోను నంబర్లు ఉన్నవాళ్ళకి అప్పట్నుంచీ చేస్తూనే ఉన్నాను. ఏడుగురు ఎత్తారు. ఇద్దరు నేను తాగి మాట్లాడుతున్నాననుకున్నారు. వాడపల్లిలో గుడికొచ్చేవాళ్ళకి గదులు అద్దెకిచ్చే ఆయన మాత్రం ఎత్తలేదు. ఆరు గదులు, ఆరు గీజర్లు, ఆరూ నేను వేసినవే. రేపు శనివారం, ఆ గుడికి జనం విరగబడే రోజు. తెల్లారకముందే ఆ గదుల్లో జనం స్నానాలు మొదలెడతారు. నీతో ఆ మాట అనగానే నువ్వు బండి తీశావని వదినగారు చెప్పారు. వానలో జాగ్రత్తగా వెళ్ళు. నువ్వు చేరి ఫోను చేసేదాకా నేనిక్కడ ఫోను పక్కనే పెట్టుకుని ఉంటాను.

మిగతావి రాస్తున్నాను, ఈ కాగితం ఇప్పుడు వీటికోసమే. మనూళ్ళో రైసుమిల్లు వెనక రిటైరైన లెక్కల మాస్టారిల్లు, వంటింటి పక్క గోడ, భుజం ఎత్తున. ఆలమూరులో ఎరువుల కొట్టాయన మేడ, పైన పిల్లల గదిలో బీరువా వెనక. కొత్తపేట కాలవగట్టున కవలపిల్లలున్న ఇల్లు, స్నానాలగది గుమ్మం పైన. అమలాపురంలో టైలరుగారి అద్దె వాటాలు రెండు, మెట్ల కింద. ఇవి కాక ఇంకో పదకొండు వెనక పేజీలో రాశాను, గోడా, ఎత్తూ గుర్తున్నంతవరకూ. ఇంకా కొన్నున్నాయి. గోడ గుర్తుంది, ఇల్లు ఎవరిదో గుర్తు రావడం లేదు. ఒకచోట ముసలావిడ మజ్జిగిచ్చింది, పచ్చగళ్ళ గచ్చు, కిటికీలోంచి కొబ్బరితోట. అలాంటి ఇల్లు కోనసీమలో ఎక్కడ వెతకమని నీకు చెప్పను? గుర్తొచ్చినప్పుడల్లా ఫోను చేస్తాను.

అమ్మకి చెప్పొద్దన్న మాట కొట్టేస్తున్నాను, ఎలాగూ చెప్పేశాను. అమ్మ పాదాలకి నా దణ్ణాలు. వదినగారికీ, చిట్టి వాళ్ళ అత్తగారికీ నమస్కారాలు. చిట్టికీ పాపకీ నా ప్రేమ. నన్ను దీవించమని ఈసారి అడగను, ఆ దీవెనేదో ఆ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి తగలాలని అమ్మని దేవుడికి దణ్ణం పెట్టుకోమను. నేను బాగానే ఉన్నాను.

వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ వాళ్ళు నిన్ను చూసి మర్యాద చేస్తారు, కాఫీ ఇస్తారు, తమ్ముడెలా ఉన్నాడని అడుగుతారు. కూర్చోకు అన్నయ్యా. ముందు గోడ మీద చెయ్యి పెట్టి చూడు. ఆ తర్వాతే నా పేరు చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
సత్తిబాబు